పాత కారు కొన్నప్పుడు: దాచిన లోపం, దిద్దేవారి బాధ్యత

 

మన ఇళ్ళల్లో కొత్త కారు కొనగలిగేవారు కొద్దిమందే. పిల్లలు, వృద్ధులైన తల్లిదండ్రులు, ఆసుపత్రి ప్రయాణాలు - ఈ అవసరాల కొద్దీ చాలామంది పాత బండినే వెతుక్కుంటారు. మారుతీ 800 తయారీ 2014లోనే ఆగిపోయింది. అయినా ఆ బండ్లు ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి. తక్కువ ధరకు దొరికిందని సంతోషంగా ఇంటికి తెచ్చుకున్నాక బానెట్ ఎత్తి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. కంపెనీవారు అమర్చినదాని మీద పాత యజమాని తగిలించినవి ఎన్నో ఉంటాయి.

ఒక యువకుడు మమ్మల్ని ఇలా అడిగాడు: "మౌలానా! చౌకగా వచ్చిందని పాత మారుతీ కొన్నాను. రాత్రిపూట లైట్లు వేసి కాసేపు నడిపితే స్టీరింగు కింద నుండి కాలిన వాసన వస్తోంది. ఫ్యూజు ఉండాల్సిన చోట రాగి తీగ చుట్టారని మెకానిక్ చెప్పాడు. ఏదో ఒకటి చేయించి నేను కూడా ఇంకొకరికి అమ్మేస్తే తప్పేమిటి? నాకు అమ్మినవాడు నాతో ఏమైనా చెప్పాడా?"

ఈ చివరి ప్రశ్న గురించే మనం మాట్లాడుకోవాలి. అయితే ముందు ఆ తీగ సంగతి అర్థం చేసుకుందాం. అది అర్థం కాకపోతే తప్పు ఎంత పెద్దదో తెలియదు.

కారు హెడ్‌లైట్ బల్బు సాధారణంగా 60 వాట్లది. 12 వోల్టుల బ్యాటరీ మీద ఒక్కొక్కటి 5 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది, రెండూ కలిపి 10. కంపెనీ వైరు, స్విచ్చి, ఫ్యూజు అన్నీ ఆ లెక్కకే ఉంటాయి. వెలుగు చాలదని ఎవరో 100 వాట్ల బల్బులు వేయిస్తారు. ఇప్పుడు కరెంటు దాదాపు 17 ఆంపియర్లు. ఫ్యూజు కాలిపోతుంది. కొత్తది వేస్తే అదీ కాలిపోతుంది. ఎందుకు కాలుతోందని ఆలోచించవలసిన చోట, సిగరెట్ పెట్టెలోని వెండి కాగితమో రాగి తీగో చుట్టేస్తారు. ఫ్యూజు తాను కాలి వైరును కాపాడుతుంది. దాన్ని తప్పిస్తే ఇక కాలవలసింది డ్యాష్‌బోర్డు వెనుక ఉన్న వైరే. కాపలావాణ్ణి కట్టిపడేసి, ఇల్లు ప్రశాంతంగా ఉందని చెప్పుకోవడం లాంటిది ఇది.

ఇలాంటివి ఇంకా ఉంటాయి. ఇంజను వేడెక్కుతోందని థర్మోస్టాట్ పీకి పారేస్తారు. 80, 90 డిగ్రీల మధ్య తెరుచుకోవలసిన ఆ చిన్న భాగం లేకపోతే ఇంజను త్వరగా వేడెక్కదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. రేడియేటరులో పేరుకున్న మురికి మాత్రం అలాగే ఉంటుంది. బండి కిందికి కనిపించాలని స్ప్రింగులు కోయిస్తారు. తుప్పు తిన్న చోట పుట్టీ మెత్తి నల్ల రంగు పూస్తారు. వీటన్నిటికన్నా భయంకరమైనది, వ్యానుల్లో వంటగ్యాసు సిలిండరు బిగించడం. అనుమతి పొందిన కిట్టు పెట్టించి, ఆర్.సి.లో నమోదు చేయించుకుంటే అది వేరు. వంటింటి సిలిండరును సీటు కింద పెట్టి దాని మీద పిల్లల్ని కూర్చోబెట్టడాన్ని ఏమనాలో మీరే చెప్పండి! బండిని ఇష్టం వచ్చినట్లు మార్చడం చట్టరీత్యా కూడా చెల్లదు. తయారీదారు ఇచ్చిన అసలు నిర్మాణానికి విరుద్ధంగా మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆధారంగా సుప్రీంకోర్టు 2019 జనవరిలో తీర్పు చెప్పింది.

ఇక షరీఅత్ ఆదేశం. వస్తువులో కొనకముందే ఉన్న లోపం, కొన్నప్పుడు తెలియని లోపం తరువాత బయటపడితే కొన్నవాడికి దాన్ని తిరిగి ఇచ్చే హక్కు ఉంది. దీన్నే ఖియారె ఐబ్ అంటారు. కానీ ఇక్కడ మనవాళ్ళు తరచూ గమనించని సంగతి ఒకటి ఉంది. పశువును కొని, దాని పుండు చూసి కూడా మందు వేయడం మొదలుపెట్టినవాడు, లేదా దాన్ని తన పనికి వాడుకున్నవాడు, ఆ లోపానికి ఒప్పుకున్నట్లేనని హనఫీ ధర్మశాస్త్రవేత్తలు చెప్పారు. తిరిగి ఇచ్చేయడానికి దాని మీద ఎక్కి వెళితే మాత్రం ఒప్పుకున్నట్లు కాదు. కారు విషయమూ అంతే. కాలిన వైరు కనిపించగానే రిపేరు మొదలుపెట్టకండి. ముందు అమ్మినవాడి వద్దకు వెళ్ళండి. బండి వెనక్కి తీసుకుంటాడా, లేక ఇద్దరూ ఇష్టపడి ధరలో కొంత తగ్గించుకుంటారా, తేల్చుకోండి. ఆ తరువాతే పానా పట్టుకోండి. ఆ యువకుడికీ ఇదే చెప్పాము.

"నేను ఉన్నది ఉన్నట్లు అమ్మాను, ఏ లోపానికీ బాధ్యుణ్ణి కాదని ముందే చెప్పాను" అని కొందరు అమ్మకందారులు వాదిస్తారు. కొన్నవాడు ఆ షరతుకు ఒప్పుకొని ఉంటే హనఫీ మతం ప్రకారం బండి తిరిగి ఇవ్వలేడు, నిజమే. అయితే తెలిసిన ప్రమాదాన్ని దాచిన పాపం ఆ షరతుతో తొలగిపోదు. దైవప్రవక్త (సఅసం) మదీనా బజారులో ధాన్యపు రాశిలోకి చేయి పెట్టి చూసినప్పుడు లోపల తడి తగిలింది. వానకు తడిసిందని వర్తకుడు చెప్పుకున్నాడు. జనానికి కనపడేలా ఆ తడి ధాన్యాన్ని పైనే ఎందుకు ఉంచలేదని ప్రవక్త (సఅసం) అతణ్ణి నిలదీశారు. వాన కురవడం అతని తప్పు కాదు, దాచడం అతని తప్పు. ధర తక్కువ పెట్టినంత మాత్రాన లోపం చెప్పినట్లు కాదు.

ఇక బాగుచేయడం. ఒకరు చెడగొట్టిన పని మీద ఇంకో పని వేయడం బాగుచేయడం కాదు. మొదట బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పాలి. తరువాత పాత యజమాని తగిలించిన వైర్లన్నీ ఒక్కొక్కటిగా వెతికి తీసేయాలి: సంగీతం పాడే హారను, రంగురంగుల దీపాలు, ఎటు పోతుందో తెలియని ఆ ఎర్ర వైరు. కంపెనీ వైరింగు ఎక్కడ కోశారో అక్కడ కలిపి టంకం వేసి, స్లీవు తొడగాలి. మెలితిప్పి నల్ల టేపు చుడితే ఇంజను వేడికి జిగురు కరిగి ఊడిపోతుంది. బల్బులు మళ్ళీ 60 వాట్లవే వేయాలి, ఫ్యూజు కంపెనీ చెప్పిన ఆంపియర్లదే ఉండాలి. ఎక్కువ వెలుగు కావాలనుకునేవారు ముందు పసుపెక్కిన లైటు గ్లాసు శుభ్రం చేయించుకుంటే, సగం బాధ అక్కడే తీరుతుంది. పని పూర్తయ్యాక లైట్లు వేసి పావుగంట ఉంచి, వైర్లు, స్విచ్చి వేడెక్కుతున్నాయేమో చేత్తో తాకి చూడాలి. థర్మోస్టాట్ మళ్ళీ బిగించాలి, రేడియేటరు శుభ్రం చేయించాలి. కోసిన స్ప్రింగులు మార్చవలసిందే, వాటిని అతికించరాదు.

విజయవాడ ఆటోనగర్ మొదలుకొని ప్రతి ఊళ్ళోనూ ఈ పనిచేసే మన సోదరులు ఎందరో ఉన్నారు. వారితో ఒక మాట. హజ్రత్ వాసిలా బిన్ అస్ఖా (రజి) ఎదుట ఒక వ్యక్తి ఒంటెను 300 దిర్హములకు అమ్మాడు. కొన్నవాడు తోలుకుపోతుంటే వాసిలా (రజి) వెనక నుండి కేకవేసి, మాంసం కోసమా, ప్రయాణం కోసమా అని అడిగారు. ప్రయాణం కోసమని తెలియగానే, దాని గిట్టలో రంధ్రం ఉందని చెప్పేశారు. అమ్మినవాడు 100 దిర్హములు తగ్గించవలసి వచ్చింది. బేరం చెడగొట్టావని అతను కోప్పడ్డాడు. లోపం ఎరిగినవాడు దాన్ని చెప్పకపోవడం ధర్మసమ్మతం కాదని ప్రవక్త (సఅసం) ద్వారా విన్నానని వాసిలా (రజి) బదులిచ్చారు. ఆయన అమ్మినవాడూ కాదు, కొన్నవాడూ కాదు. మరి బండి చూపించడానికి తెచ్చినప్పుడు, అమ్మేవాడిచ్చే నాలుగు వందల కోసం "బాగానే ఉంది భాయ్" అనే మెకానిక్ సంగతి ఏమిటి?

మీరు ఆ బండిని మళ్ళీ అమ్మే రోజు వస్తుంది. అప్పుడు ఏం బాగుచేయించారో, ఏం మిగిలిపోయిందో ఒక కాగితం మీద రాసి ఆర్.సి.తో పాటు ఇవ్వండి. వైరింగు కాలి మళ్ళీ వేయించినది, అడుగున పుట్టీ ఉన్న చోటు, థర్మోస్టాట్ మార్చిన సంవత్సరం. ధర నాలుగైదు వేలు తగ్గవచ్చు. కొనేవారు ఆ కాగితం చదివి, తమ మెకానిక్‌కు చూపించి, సంతకం చేసి తీసుకుంటారు. ఇక మీ మధ్య లోపం పేరిట తగాదా మిగలదు.