మేనికి వస్త్రము – మనసునకు వ్రతము

ఇందూరు అను పూర్వనామము గల నిజామాబాదు పట్టణమున నీలకంఠేశ్వరుడు కొలువై యున్నాడు. ఆ స్వామికి ఆ పేరు తెచ్చినది రత్నహారము కాదు, హాలాహలపు మచ్చ. లోకములు దగ్ధము కాకుండుటకై మింగిన విషము కంఠమున నిలిచి నీలమయ్యెను. దానినే భక్తులు భూషణమని కొనియాడుచున్నారు. పరుల బాధను తనపై వేసికొనుటచే కలిగిన గుర్తు ఏదైనను అలంకారమే యగునని ఈ నామము బోధించుచున్నది.

వస్త్రము అల్పవిషయమనియు, ఆత్మవిచారము చేయువారికి దానితో పని లేదనియు కొందరు తలంతురు. పురాణేతిహాసములు అట్లు తలంపలేదు. రావణుడు పంచవటికి సన్న్యాసి వేషమున వచ్చెను. సీతామహాదేవి ఆ కాషాయమును గౌరవించి అతిథిపూజకు పూనుకొనెను. వేషము పవిత్రమైనదే గాని దానిని ధరించినవాని సంకల్పము పాపపంకిలము. కావున ఆ వస్త్రము వలగా మారెను.

దీనికి మారుగా మరియొక వేషమున్నది. లక్కయింటినుండి తప్పించుకొనిన పాండవులు బ్రాహ్మణవేషమున ఏకచక్రపురమున ఒక గృహస్థు నింట తలదాచుకొనిరి. ఆ ఏకచక్రపురమే నేటి బోధను అని ఈ ప్రాంతపు జనశ్రుతి. రాజకుమారులు భిక్షమెత్తి తెచ్చిన అన్నమును కుంతీదేవి పంచిపెట్టుచుండెను. ఒకనాడు ఆ గృహస్థునకు బకాసురునికి ఆహారముగా మనిషిని పంపవలసిన వంతు వచ్చెను. ఇల్లంతయు శోకమున మునిగెను. “మేము భిక్షుకులము, మాకేల?” అని కుంతి అనలేదు. కన్నకొడుకునే పంపెను. భీముడు బకుని వధించిన పిమ్మట తన పేరు వెల్లడి కానీయలేదు. ఇచ్చట వేషము ధర్మమును మరపింపలేదు. దీనుల నడుమ దీనులవలె వసించినందువలననే వారి ఏడుపు ఆ తల్లికి గోడ ఆవలినుండి వినిపించెను. ఎవరి వేషమును ధరింతుమో వారి కష్టమునకు మనము జవాబుదారులమగుదుమని ఈ కథ తెలుపుచున్నది.

ఈ సత్యమును మన కాలమునకు చేరువగా ఆచరించి చూపినవారు మహాత్మా గాంధి. ఆయన దుస్తుల చరిత్రయే ఒక సాధనాచరిత్ర. 1888లో న్యాయశాస్త్రము చదువుటకు లండను చేరిన యువకుడు తొలిదినములలో ఎత్తైన టోపీ, ఖరీదైన సూటు, మెడకు టై ధరించి దొరవలె కనబడవలెనని తాపత్రయపడెను. ఆ ముచ్చటను ఆత్మకథలో తానే దాపరికము లేక వ్రాసికొనెను. అప్పటి వస్త్రము, నలుగురు తనను చూడవలెనను కోరికనుండి పుట్టినది.

తరువాత ఆయనకు గురువులైనవారు చెరకుతోటల కూలీలు. దక్షిణాఫ్రికాలోని నెటాలు సీమకు 1860 మొదలుకొని మద్రాసు రేవునుండి ఒప్పందపు కూలీలు ఓడలలో తరలిపోయిరి. వారిలో తమిళులతో పాటు తెలుగువారును కలరు. అచ్చట వారిలో అనేకులకు చెరకుతోటలలో పని. 1894లో బాలసుందరమను తమిళకూలి యజమానిచే దెబ్బలు తిని, ముందరి పండ్లు విరిగి, నెత్తురోడుచు, తలగుడ్డను చేతబట్టుకొని గాంధీజీ ఎదుట నిలిచెను. దొరల యెదుటికి పోవునప్పుడు తలగుడ్డ తీసివేయుట ఆ కూలీలకు అలవాటైపోయినది. గాంధీజీ మనసు చివుక్కుమన్నది. ముందుగా ఆ గుడ్డను తలకు చుట్టుకొమ్మని కోరెను. బాలసుందరము వెనుకాడుచునే చుట్టుకొనెను గాని అతని మొగమున సంతోషము తొంగిచూచెను. ఆ పిమ్మట వైద్యము, న్యాయము, యజమాని మార్పు అన్నియు జరిగినవి. మనిషికి పోయిన మర్యాద మాత్రము ఆ తలగుడ్డతోనే మొదట తిరిగి వచ్చినది.

1913లో నెటాలు కూలీలు సమ్మె చేసిరి. కాల్పులలో కొందరు అసువులు బాసిరి. డిసెంబరులో చెరసాలనుండి విడుదలైన గాంధీజీ డర్బను సభకు లుంగీ, పొడవు చొక్కాతో, పాదరక్షలు లేక వచ్చెను. అది మృతుల కొరకు పట్టిన సంతాపదీక్ష. మరల 1921 సెప్టెంబరు 22న మదురలో చొక్కాను, టోపీని విడిచి కొల్లాయి గుడ్డ కట్టెను. విదేశవస్త్రము విడువుడని తాను చెప్పుచుండగా, ఖద్దరు కొనుటకు స్తోమతు లేదని బీదలు మొరపెట్టుకొనిరి. ఆ మాటకు ఆయన మాటతో గాక తన వస్త్రముతో బదులిచ్చెను. అక్టోబరు నెలాఖరు వరకేయని తొలుత అనుకొన్నది జీవితవ్రతమైనది. 1931లో లండనులో చక్రవర్తిని చూడబోయినప్పుడును ఆ కట్టుబాటు మారలేదు.

ఇచ్చట ఒక సూక్ష్మమును గమనింపవలెను. ఆ మహనీయుడు తన చొక్కాను తీసివేసెను గాని కూలివాని తలగుడ్డను నిలబెట్టెను. పేదవాడు పేదగానే యుండవలెనని ఆయన వస్త్రము చెప్పలేదు. ఉన్నవాడు తన ఆడంబరమును తగ్గించుకొనవలెను, లేనివాడు తన తలను ఎత్తుకొనవలెను. ఈ రెండును కూడినప్పుడే అది వ్రతము. ఒకటి విడిచిన యెడల రెండవది వేషమే. ఖద్దరు చొక్కా తొడిగి కూలివానిని గద్దించువాడు గాంధీజీని అనుసరించుట లేదు, ఆయన నీడను అద్దెకు తెచ్చుకొనుచున్నాడు. పెద్దలనుండి నేర్వవలసినది గుడ్డ కాదు, ఆ గుడ్డను కట్టించిన కరుణ.

చెరకు అనగానే బోధను సీమవారికి తమ యింటి కథయే గుర్తుకు వచ్చును. 1931లో మంజీరపై నిజాంసాగరు పూర్తియై కాలువలు పారినవి. 1937లో బోధనున నిజాం చక్కెర కర్మాగారము వెలసినది. చెరకు బండ్ల వరుసలతో, శక్కరునగరు సందడితో ఎన్నో కుటుంబములు పచ్చగా బ్రతికినవి. 2015 డిసెంబరులో ఆ కర్మాగారము మూతబడినది. గొట్టమునుండి పొగ ఆగినపుడు ముందుగా సన్నగిల్లునది పండుగ కొత్తబట్ట. పిల్లల చదువునకు, తల్లి మందునకు సర్దినవాడు వెలిసిన చొక్కాతోనే గుడికి వచ్చును. వచ్చియు పట్టుపంచెల నడుమ నిలువ నొచ్చుకొని ధ్వజస్తంభము కడనే చేతులు జోడించి మరలిపోవును. అట్లు ఒక్కడు మరలిపోయినను ఆనాటి ఉత్సవమునకు వెలితియే.

కావున ప్రతి ఆస్తికుడును ఉదయమున వస్త్రము అందుకొనునపుడు ఒక్క క్షణము ఆగి తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. “ఇది ధరించి నేను ఎవరి ప్రక్కన కూర్చుండగలను? నన్ను చూచి ఎవడైన వెనుకకు తగ్గునా?” శుభ్రత దైవము కొరకు. నిరాడంబరత తోటివాని కొరకు. పట్టుబట్ట కట్టుట దోషము కాదు, స్వామికే పీతాంబరమున్నది. ఆ పట్టుతో ముందునకు త్రోసికొనిపోవుటయే దోషము. వస్త్రదానము చేయువారు చినిగినదానిని వదలించుకొనక, తమ బిడ్డకు కొనునట్టిదే కొని, నలుగురు చూడని వేళ, బొట్టుపెట్టి ఆడపడుచునకు ఇచ్చినట్లు ఇయ్యవలెను. బతుకమ్మను చూడుడు. తంగేడు, గునుగు పూలే ఆ తల్లికి చీర, సొమ్ములు. చేలగట్లపై ధనము లేకయే దొరకు పూలనుండి వెలసిన దేవత చుట్టు తిరుగునప్పుడు ఏ ఆడుబిడ్డయు తన పాతచీరకు సిగ్గుపడనక్కరలేదు, పట్టుచీర కట్టినామె ఆమె చేయి పట్టుకొని ఆడినచో.

కుచేలుడనగా చినిగిన గుడ్డ కట్టినవాడు. ద్వారకలో అంతటి వైభవము నడుమ అతడు బెదరుచు నిలువగా శ్రీకృష్ణుడు ఎదురేగి కౌగిలించుకొని, పాన్పుపై కూర్చుండబెట్టి పాదములు కడిగెను. ఆ తరువాత ఆ చినిగిన కొంగునందలి అటుకులను తానే వెదకి విప్పుకొని తినెను. స్వామి చూపు ఆ గుడ్డ చినుగుపై నిలువలేదు, దానిలో ముడివేసిన ప్రేమపై నిలిచినది. ఆ చూపు అలవడిననాడు మనము కట్టిన ప్రతి వస్త్రమును భగవంతుని పూజావస్త్రమే యగును. నీలకంఠుడు ఎల్లరకు అట్టి చూపును అనుగ్రహించుగాక!