గృహమున ఏలుబడి

పరులను తన యిచ్ఛకు లోబఱచుకొనవలెనను కోరిక మనుష్యునకు సహజమైనది. అది సింహాసనములయందును, కచ్చేరీలయందును మాత్రమే వసించునని తలచుట పొరపాటు. దాని నిజమైన నివాసము మన యింటి గడపకు లోపలనే యున్నది. వెలుపల పదిమంది మాటకు తలయొగ్గువాడు ఇంట అడుగిడినతోడనే భార్య చేతి తాళపుగుత్తిని, కుమారుని చదువును, కోడలి పుట్టినింటి ప్రయాణమును తన కనుసన్నల నడపింప జూచును. కూరగాయలకిచ్చిన డబ్బునకు దమ్మిడీతో సహా లెక్క యడుగును. ఇంటి యాడువారికి వచ్చిన యుత్తరమును తానే ముందు విప్పును. నేడు ఉత్తరములు తగ్గి చేతిఫోనులు వచ్చినవిగాని విప్పి చూచు చేయి మాఱలేదు. ఇట్టివానిని నిరంకుశుడని యెవరైన ననినచో మిక్కిలి నొచ్చుకొనును. వారియందు ప్రేమ కలదు గనుకనే యింత శ్రమపడుచున్నానని చెప్పును. ఆ మాటలో అసత్యము లేదు. ప్రమాదమంతయు అందుననే యున్నది.

ఏలయన, ద్వేషముతో చేయు బలాత్కారమును ఎదుటివారు గుర్తింతురు, శక్తియున్న నెదిరింతురు. ప్రేమ పేరిట చేయు బలాత్కారము నెదిరించినవారు కృతఘ్నులని యనిపించుకొందురు. కనుక వారు మాటాడుట మానుదురు. ఆ మౌనమును చూచి యజమానుడు తన గృహము శాంతముగా నున్నదని సంతసించును. విచారించి చూడగా ఈ యేలుబడికి మూలము భయమే. కుమారుడు చెడిపోవునేమో, భార్య మనస్సు దూరమగునేమో, నలుగురు నవ్వుదురేమో యను భయమును పరమేశ్వరుని పాదములకడ నుంచలేక, దానిని ఆజ్ఞలుగా మార్చి మన వారి తలలపై మోపుచున్నాము.

న్యాయచరిత్రమున దీనికొక దృష్టాంతము కలదు. బొంబాయిలో రఖ్మాబాయి యను నామెకు 11వ యేట వివాహమయ్యెను. పెరిగి విద్య నేర్చిన పిదప ఆమె భర్త యింటికి పోనొల్లదాయెను. భర్త దావా వేసెను. 1885లో న్యాయమూర్తి పిన్హే దానిని కొట్టివేసెను. 1886లో అప్పీలునందు ఆ తీర్పు త్రోయబడెను. 1887లో ఆమె భర్త యింటికి పోవలయును, లేదా 6 మాసములు చెఱసాలలో నుండవలయునని యుత్తరువైనది. ఆమె చెఱసాలకే సిద్ధపడెను. తుదకు 1888లో ధనమిచ్చి రాజీపడి విడుదల పొంది, ఇంగ్లండున వైద్యవిద్య నభ్యసించి వచ్చి, సూరతులోను రాజకోటలోను చిరకాలము స్త్రీలకు చికిత్స చేసెను.

ఆ వివాదము అంతటితో ముగియలేదు. 1955 నాటి హిందూ వివాహ చట్టమందలి 9వ విభాగము ఇట్టి దావాలకు మరల చోటిచ్చెను. 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టున జస్టిస్ పి. ఎ. చౌదరిగారు ఆ విభాగము రాజ్యాంగమునకు విరుద్ధమని తీర్పు చెప్పిరి. 1984లో సుప్రీంకోర్టు అది చెల్లునని నిర్ణయించెను. అందలి శాస్త్రచర్చ నటుంచుదము. వకాలతు వృత్తియందున్న మాకు తోచిన దొక్కటే: డిక్రీ ఆస్తిని జప్తు చేయింపగలదు, ఒకప్పుడు మనిషిని గడపవఱకు రప్పింపగలదు, హృదయమును రప్పింపజాలదు. న్యాయస్థానమునకు సాధ్యముకానిది యజమానుని గద్దింపునకు మాత్రమెట్లు సాధ్యమగును?

ఇది పూర్వాచారపరుల దోషమేకాని మనది కాదని సంస్కారప్రియులు తలపరాదు. బ్రాహ్మవివాహములకు చట్టబలము చేకూర్చుటకై కేశవచంద్రసేనులవారు మిగుల పాటుపడిరి. 1872 నాటి చట్టము వరునికి 18, వధువునకు 14 ఏండ్లు నిండవలెనని విధించెను. 1878లో వారి కుమార్తె వివాహము కూచ్‌బిహార్ మహారాజుతో, ఇరువురకును ఆ వయస్సు నిండకమునుపే జరిగెను. అది ఈశ్వరాదేశమని కేశవచంద్రులు నమ్మిరి. ఒక్కని యంతరంగమున వినబడిన యాదేశము అందఱకును శాసనము కాజాలదని యనేకులు వేఱుపడి, ఆ యేటనే మే 15వ తేదీన సాధారణ బ్రాహ్మసమాజమును స్థాపించి, సభ్యుల సమ్మతిపై నడచు నిబంధనలు చేసికొనిరి. కేశవచంద్రులు భక్తియందును వాగ్ధాటియందును అసమానులు. అందువలననే ఈ పాఠము విలువైనది. అడుగువారు లేని యధికారము సజ్జనుని సయితము త్రోవ తప్పించును.

మన యిండ్లను చూచికొందము. వితంతువును తల గొఱిగించుకొమ్మని నిర్బంధించినవాడు పూర్వుడు. పునర్వివాహము చేసికొనుమని నిర్బంధించువాడు నవీనుడు. ఇరువురును ఆమె నడుగుట మఱచిరి. భార్య సభకు రాలేదని కోపించి మూడుదినములు పలుకకుండువాడు స్త్రీస్వాతంత్ర్యమును గూర్చి యెంత చక్కగ నుపన్యసించిన నేమి ఫలము?

అట్లయిన పిల్లలను అదుపునం దుంచవలదా, గృహమునకు పెద్దయే యక్కఱలేదా యని కొందఱడుగుదురు. వలయును. పసివాడు నిప్పును పట్టబోయిన చేయి పట్టి లాగుట ధర్మమే. అయితే అధికారమును పరీక్షించుట కొక యొఱగల్లు కలదు. తన యవసరమును దినదినమును తగ్గించుకొనుచు పోవు నధికారము ధర్మము. తన యవసరమును పెంచుకొనుచు పోవునది పీడనము. నడక నేర్పు తల్లి చేయి, బిడ్డ నడచుటకై పట్టుకొని, నడచినంతనే విడుచును. విడువనిచో బిడ్డ యెన్నడును నడువడు. తల్లి చేయియు నొచ్చును. ఇరువది యేండ్ల కుమారుని వృత్తిని, వివాహమును మనమే నిర్ణయించుచున్నచో, వాడు పెరుగలేదని కాదు, మనము చేయి విడువలేదని యర్థము.

సోదరులారా, ఆజ్ఞాపించుటకు ముందు అడుగుడు. కాదను మాట మీ యింట భయములేక వినబడుచున్నదా యని విచారింపుడు. వినబడనిచో అది శాంతికాదు, అణగియున్న దుఃఖము. ఇంటి పద్దుపుస్తకమును దంపతు లిరువురును వ్రాయునదిగా చేయుడు. కోపము వచ్చిన దినమున ఉత్తరువు చేయకుడు. పరులపై చూపదలచిన యా శాసనశక్తిని మీ నాలుకపై, మీ శంకపై, మీ భయముపై ప్రయోగించి చూడుడు. అక్కడ దానికి కావలసినంత పని కలదు.

సర్వశక్తుడైన పరమాత్ముడే మనలను తన్ను ప్రేమింపుడని నిర్బంధింపక, తిరుగుటకును మరలివచ్చుటకును స్వేచ్ఛ నొసంగి వేచియున్నాడు. ఆయన వేచియుండగా మన కింత తొందర యేల? ఆ యోర్పును మన గృహములకు ప్రసాదింపుమని ఆయననే ప్రార్థింతము.