ఒకరికి కప్పిన శాలువ

మే నెల 12వ తేదీ ఫ్లారెన్స్ నైటింగేల్ పుట్టినదినము. దానిని అంతర్జాతీయ నర్సుల దినముగా ఆచరించుచున్నారు. ఆ దినమునకు దగ్గరి ఆదివారమున నర్సు సహోదరీలను ముందుకు పిలిచి వారికొరకు ప్రార్థించు అలవాటు మన సంఘములలో కొన్నిచోట్ల కలదు. ఆసుపత్రులవారును ఆ సందర్భమున ఒక నర్సును ఎంచి, శాలువ కప్పి, సన్మానపత్రము చదివింతురు. ఆ పత్రములలో తరచుగా వినవచ్చు మాట ఒకటి యున్నది: ఈమె తోటివారితో కలిసిమెలిసి పనిచేయును అని. వినుటకు ఇంపుగానే యున్నది గాని, కొంచెము నిలిచి ఆలోచించినయెడల అందులో ఒక చిక్కు కనబడును. ఓర్పు, శుభ్రత, సత్యము అనునవి మనుష్యుడు ఒంటరిగా నున్నను చూపగల గుణములు. కలిసి పనిచేయుట మాత్రము ఒంటరిగా చేయరానిది. పలువురు కలిసి చేసినదానికి ఒక్కరిని పిలిచి శాలువ కప్పుట న్యాయమేనా?

దీనికి జవాబు వార్డులోనే వెదకవలెను. పక్షవాతముతో పడియున్న రోగికి వీపున పుండ్లు పడకుండుటకు రెండేసి గంటలకొకసారి ప్రక్కకు త్రిప్పుదురు. బరువైన మనిషిని ఒక్క నర్సు త్రిప్పలేదు. ఆవలివైపున ఆయాయో తోటి నర్సో చెయ్యి వేయవలెను. రక్తము ఎక్కించుటకు ముందు సంచిమీది పేరు, గ్రూపు, నంబరు ఒకరు చదువగా ఇంకొకరు రోగి కాగితములతో సరిచూడవలెను. ఆపరేషను గదిలో కడుపు కుట్టివేయకముందు, రక్తము అద్దిన గుడ్డలన్నియు తిరిగి వచ్చినవా అని ఇద్దరు పైకి లెక్కపెట్టవలెను.

అన్నిటికంటె కష్టమైనది డ్యూటీ అప్పగించు వేళ. రాత్రంతయు మేలుకొనిన నర్సుకు ఇంటిమీద ధ్యాస. పిల్లలు బడికి పోవు సమయమైనది. పగటి నర్సు అప్పుడే బస్సు దిగి పరుగున వచ్చినది. ఏడవ మంచము ముసలాయనకు తెల్లవారుజామునుండి మూత్రము తగ్గినదను సంగతి ఆ కొద్ది నిమిషములలోనే ఒకరి నోటనుండి ఇంకొకరి చెవిని పడవలెను. పడనియెడల మధ్యాహ్నమువరకు ఎవరును గమనింపకపోవచ్చును. పడినయెడల ఏమియు జరుగదు. ముసలాయన సుఖముగా నుండును, ఎవరును ఎవరిని మెచ్చుకొనరు. ఆ అప్పగింత బాగుగా జరిగినదని ఎరిగినది తరువాతి డ్యూటీకి వచ్చిన నర్సు ఒక్కతెయే.

కాబట్టి ఈ గుణమునకు సాక్షులెవరో తెలియుచున్నది. రోగికి ఆమె చిరునవ్వు తెలియును, డాక్టరుగారికి ఆమె విధేయత తెలియును. ఆమెతో కలిసి మోసినవారికే ఆమె ఎంత మోసినదో తెలియును. ఎంపిక చేయునప్పుడు తోటి నర్సులనే గాక ఆయాలను, ఊడ్చువారిని గూడ అడుగవలెనని మా అభిప్రాయము. పైవారితో మర్యాదగా నుండుట ఎవరికైనను చేతనగును. బెడ్‌పాన్ తీయు ఆయమ్మను ఆమె ఏమని పిలుచును? రాత్రి రెండు గంటలకు నిద్రలేపవలసి వచ్చినప్పుడు ఏ స్వరముతో లేపును? అక్కడ నిజము బయటపడును.

ఇంకొక సంగతి. కలిసిమెలిసి యుండును అనుటలో, ఎదురు చెప్పదు అను అర్థము మెల్లగా దూరుచుండును. ఇది ప్రమాదము. గుడ్డలు లెక్కపెట్టినప్పుడు ఒకటి తక్కువైన యెడల, పెద్ద సర్జనుగారు తొందరపడుచున్నను, అయ్యా కొంచెము ఆగండి అనవలసినది ఆ నర్సే. ఆమె అందరితో మంచిగా నుండవలెనని నోరు మూసికొనినయెడల రోగి కడుపులో గుడ్డ మిగిలిపోవును.

నిర్గమకాండము మొదటి అధ్యాయములోని షిఫ్రా, పూయా అను మంత్రసానులను జ్ఞాపకము చేసికొనుడి. వారి పేర్లు జతగానే వ్రాయబడినవి. (ఆ ఫరోకు మాత్రము అక్కడ బిరుదే గాని పేరు లేదు!) హెబ్రీయుల మగశిశువులను చంపవలెనని రాజు ఆజ్ఞాపించినప్పుడు వారిద్దరును దేవునికి భయపడి దానిని చేయలేదు. ఒకతె లోబడి ఒకతె మానియుండినయెడల ఏమగునో ఊహించుడి. వారి ఐకమత్యము రాజుమాటకు తలయూపుటలో గాక, కాదనుటలో కనబడినది.

2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషను గదులకొరకు ఒక సరిచూచు పట్టికను వెలువరించినది. కోత వేయకముందు గదిలోనివారందరు తమ పేరును తమ పనిని చెప్పుకొనవలెనన్నది అందులోని ఒక అంశము. న్యూఢిల్లీతో కూడ ఎనిమిది నగరముల ఆసుపత్రులలో దానిని పరీక్షించి 2009లో ఫలితములు ప్రకటించిరి. మరణములు నూటికి 1.5 నుండి 0.8కి తగ్గినవి. పేర్లు చెప్పుకొనుటవలననే ఇదంతయు జరిగినదని మేము అనము. మందులు, లెక్కలు, ఇంక పెక్కు సంగతులు ఆ పట్టికలో నున్నవి. అయినను ఒకసారి తన పేరు చెప్పిన నోరు, గుడ్డ తక్కువైనదని చెప్పుటకు కొంత సులువుగా తెరచుకొనును గదా!

ఇట్లయిన యెడల ఒకరిని ఎంచుట మానివేసి అందరిని కలిపి మెచ్చుకొనరాదా అని కొందరు అడుగుదురు. అందరికి వందనములు అని సభలో చెప్పినప్పుడు అది తనకేనని తలంచువారు ఎవరు? పేరు లేని మెప్పు గాలిలో కలిసిపోవును. అయితే పేరు పొందినవారు ఏమి చేయవలెననుటకు నైటింగేల్ జీవితమునుండియే ఒక సంగతి చెప్పెదము. 1854లో ఆమె క్రిమియా యుద్ధ క్షతగాత్రుల శుశ్రూషకు 38 మంది స్త్రీలతో స్కుటారికి బయలుదేరెను. లోకమునకు జ్ఞాపకమున్నది దీపము పట్టిన ఒక్కతెయే. వారిలో లండనులోని బెర్మండ్సీ మఠమునకు పెద్దయైన మేరీ క్లేర్ మూర్ అను రోమను కాథలిక్కు సన్యాసిని యుండెను. 1856లో ఆమె జబ్బుపడి స్వదేశమునకు మరలినప్పుడు నైటింగేల్ ఆమెకు ఉత్తరము వ్రాసి, ఆ పెద్దరికమునకు తనకంటె ఆమెయే ఎక్కువ తగినదని ఒప్పుకొనెను. ప్రొటెస్టంటు స్త్రీ కాథలిక్కు స్త్రీనిగూర్చి ఇంత మాట అనుట ఆనాటి ఇంగ్లండులో చిన్న సంగతి కాదు.

మన దేశములో 1973 నుండి కేంద్ర ప్రభుత్వము నైటింగేల్ పేరిట జాతీయ పురస్కారములు ఇచ్చుచున్నది. అది మంచిదే. కాని శాలువ ఒక్కొక్కప్పుడు కొరతను గూడ కప్పును. సాధారణ ఆసుపత్రి వార్డులో ఐదుగురు రోగులకు ఒక నర్సు ఉండవలెనని భారత నర్సింగు కౌన్సిలు ప్రమాణము. రాత్రివేళ నలువది మంచములకు ఒకతెయే తిరుగుచున్న వార్డులను మన చదువరులలో అనేకులు కన్నులార చూచియుందురు. రానివారి డ్యూటీ గూడ సణగక చేసినదని ఆమెను పొగడుట, మరియొక నర్సును నియమించుటకంటె చౌక. అట్టి పొగడ్త విన్నప్పుడు సంఘ పెద్దలు చప్పట్లు కొట్టి ఊరకుండక, ఆ రెండవ నర్సు ఎప్పుడు వచ్చునని కమిటీవారిని అడుగవలెను.

సమూయేలు మొదటి గ్రంథము ముప్పదియవ అధ్యాయములో దావీదు అమాలేకీయులను తరుముచుండగా, రెండువందలమంది అలసి బెసోరు వాగునొద్ద సామానుకు కావలిగా నిలిచిపోయిరి. జయించి వచ్చిన నాలుగువందలమందిలో కొందరు వారికి పాలు లేదనిరి. దావీదు ఒప్పుకొనక, అందరికి సమభాగమని కట్టడ చేసెను. సన్మానసభలో మేము ఎప్పుడును ఈ వాగును తలంచుకొందుము. వేదికమీద పత్రము చదువుచున్న ఆ గంటలో ఆమె మంచములను చూచుచున్నదెవరు? ఎవరో ఒక నర్సు, ఒక ఆయా వార్డులో నిలిచియుండబట్టియే ఆమె ఇక్కడికి రాగలిగినది. ఆ పేర్లను గూడ పత్రములో చేర్చుడి. శాలువను ముఖ్య అతిథిచేత గాక, ప్రతిదినము ఆమెనుండి డ్యూటీ అందుకొను నర్సుచేత కప్పించుడి. సభ ముగియగానే ఫలహారపు పొట్లములు పంచుదురు గదా, వాటిలో కొన్ని ముందుగానే వేరుచేసి, టీ చల్లారకమునుపు వార్డునకు పంపుడి.