అడిగి రాయండి

మార్కాపురం పలకల ఫ్యాక్టరీల పక్కనో, గిద్దలూరు పల్లెల్లోనో ఒక దూదేకుల ఇల్లు. సెన్సస్ కోసం వచ్చిన టీచరు పేర్లు అడుగుతాడు. దస్తగిరి, మస్తానమ్మ. మతం ఇస్లాం. మాతృభాష గడి దగ్గరకొచ్చేసరికి అడగడం మానేసి ఉర్దూ అని తానే రాసేస్తే? ఆ ఇంట్లో తల్లి జోల పాడింది తెలుగులో. ఏడ్చినా నవ్వినా తెలుగులోనే.

అదేమంత తప్పు అంటారా? చిన్నతనంలో తల్లి బిడ్డతో మాట్లాడిన భాషే మాతృభాష అని సెన్సస్ నిబంధన. చెప్పిందే రాయాలి. ఉర్దూ ఇంటిని 'తెలుగొచ్చుగా' అని తెలుగులో వేసినా అంతే తప్పు. ఉర్దూ బడి కావాలని అడగడానికి అక్కడ అంకె మిగలదు. ఒకచోట మా తెలుగు పోతుంది, ఇంకోచోట మా ఉర్దూ పోతుంది. పోగొట్టేది మాత్రం ఒకే అలవాటు: మనిషిని అడక్కుండా పేరు చూసి రాయడం.

అంకె ఎంత అవసరమో మనకు తెలుసు. ముస్లింలకు 5 శాతం రిజర్వేషన్లిచ్చిన 2005 చట్టాన్ని కొట్టేస్తూ హైకోర్టు, వెనకబాటును తేల్చిన పద్ధతినే తప్పుపట్టింది. 2007లో పి.ఎస్. కృష్ణన్ నివేదిక తర్వాత సమూహాల వారీగా బి.సి.-ఇ కింద 4 శాతం వచ్చింది. 2010లో హైకోర్టు దాన్నీ కొట్టేస్తే, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలబడింది. దూదేకులవారు అంతకుముందు నుంచే బి.సి.-బిలో ఉన్నారు. 'ముస్లింలు' అన్న ఒక్క మాటలో ఇంతమందిమి ఇమడమని ప్రభుత్వ జాబితాలే చెబుతున్నాయి.

మరి గడప దగ్గర మనమెందుకు నోరు విప్పం? భయం. 2019, 2020లలో పౌరసత్వ పట్టిక మాట విన్నాక, పేరు రాయించుకోవడమే గండమనిపించింది. ఒక మనిషి చెప్పిన వివరాలు రహస్యంగా ఉంచాలని 1948 సెన్సస్ చట్టం అంటుంది. ఆ మాట చట్టంలో ఉంటే చాలదు, గడప దాకా రావాలి. నమ్మకం లేనిచోట నిజమైన లెక్క పుట్టదు.

1931 తర్వాత అన్ని కులాల అంకెలూ సెన్సస్ నుంచి వెలువడలేదు. 2027 సెన్సస్‌లో కులాన్నీ లెక్కించాలని కేంద్రం 2025లో నిర్ణయించింది. దూదేకుల, ఫకీరు, షేక్ అని విడివిడిగా చెబితే ఐక్యత చెడుతుందని కొందరు పెద్దల బెంగ. అబద్ధం మీద నిలిచే ఐక్యత ఎవరి కడుపు నింపుతుంది?

లెక్కించడమంటే తలలు ఎంచడం కాదు. నువ్వెవరని అడిగి, జవాబు వినే ఓపిక. మమ్మల్ని మీరు ఊహించుకోకండి. అడగండి. చెబుతాం.