కాఫీధారయు కాయకమును

ఇంటిలో కాఫీ వడగట్టుట కాయకమగునా? ప్రశ్న విని నవ్వువారు ఉందురు. కాని బసవేశ్వరుడు కాయకమును బోధించినపుడు పనులలో పెద్దచిన్నల నెంచలేదు. కావున దీనిని త్రోసివేయరాదు.

మన శ్రీకాకుళ, విజయనగర ప్రాంతముల యిండ్లలో చిరపరిచితమైనది రెండు గిన్నెల ఫిల్టరు. పైగిన్నెలో పొడి వేసి, కాడగల బిళ్ళతో అదిమి, మరుగునీరు పోసి మూత పెట్టినచో డికాక్షను దానంతట అదే బొట్టుబొట్టుగా దిగును. వేగమును నిర్ణయించునవి అడుగునగల రంధ్రములు, పొడి మెత్తదనము, అందులోని చికోరీ పాలు. ఇల్లాలు ఈలోగా మరియొక పని చూచుకొనవచ్చును.

ఇటీవల కొందరు వాడుచున్న గరాటు పద్ధతి వేరు. 1908లో జర్మనీలోని డ్రెస్డెన్ నగరమున మెలిట్టా బెంట్జ్ అను గృహిణి రూపొందించిన కాగితపు వడపోతకు ఇది సంతతి. ఇందు నీటిధారను చేయియే నడుపవలెను. ఒక కప్పునకు 15 గ్రాముల పొడి, సుమారు 240 మిల్లీలీటర్ల నీరు. మొదట పొడి తడియునంత మాత్రమే పోసి అరనిమిషము ఆగవలెను. క్రొత్తగా వేయించిన గింజలలోని బొగ్గుపులుసు వాయువు పొంగి వెడలును. అది వెడలకమున్నే నీరు గుమ్మరించినచో పొడి సరిగా నానదు. పిదప సన్నని ధారతో, నడుమనుండి చుట్లు చుట్లుగా పోయవలెను. ధార ఉరవడియైనచో నీరు పొడిలో ఒక కాలువ త్రవ్వుకొని పారిపోవును. ఆ కాలువ దారిలోని పొడి చేదునిచ్చును, తక్కినది సారమే ఈయదు. మరీ జాగైనను చేదు తప్పదు.

శివాలయములలో లింగముపై వ్రేలాడు ధారాపాత్రను అందరును ఎరుగుదురు. అచట వేగమును నిర్ణయించునది రంధ్రము. అర్చకుడు ప్రక్కకు పోయినను ధార పడుచునే యుండును. ఇష్టలింగమున కట్లు గాదు. ఒక కరమున లింగము, రెండవ కరమున జలము. మనస్సు చెదరినచో ధారయు చెదరును. ఈ రెండింటికిగల భేదమే ఫిల్టరునకును గరాటునకును గలదని నాకు తోచినది.

అయినను పోలికను పట్టుకొని పొంగిపోరాదు. దొంగయు ఏకాగ్రతతోనే తాళము తీయును. నాలుక రుచికై చూపు శ్రద్ధ, ఎంత సూక్ష్మమైనను, భోగమే. కాయకఫలము దాసోహమునకు చేరినపుడే అది కాయకము. 12వ శతాబ్దిలో కల్యాణమున ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యపుగింజలు ఏరుకొనుట కాయకముగా బ్రతికెను. ఒకనాడతడు కావలసినదానికంటె ఎక్కువ తెచ్చినందుకు భార్య లక్కమ్మ మెచ్చుకొనలేదు. మిగులు గింజలను తెచ్చినచోటనే వేసి రమ్మనెను. శ్రద్ధకు తోడు ఆ కొలత కావలెను. 15 గ్రాములను చిన్న త్రాసులో తూచువారు లక్కమ్మ తూనికను మాత్రము మరతురు!

గింజ సంగతియు గలదు. శృంగవరపుకోటనుండి ఘాటురోడ్డెక్కినచో అరకు. అచటి అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, మిరియపు తీగెల నడుమ, గిరిజన రైతులు పండిన యెర్రని పండ్లనే ఏరి కోయుదురు. మన చేతిధారకంటె ముందే ఆ చేతులు శ్రద్ధ చూపినవి. వెల తగ్గించుటకు బేరమాడి తెచ్చిన పొడిని లింగార్పితము చేయుట నాకు రుచింపదు.

ఇక అసలు చిక్కు. మన యిండ్లలో మొదటి డికాక్షను యజమానికి, అతిథికి; అదే పొడిపై మరల నీరు పోయగా దిగిన రెండవది పనిమనిషికి, వేరుగా ఉంచిన గ్లాసులో. పలుమారు ఆ రెండవదే యిల్లాలికిని. విభూతి ధరించినవారి యిండ్లును ఇందుకు మినహాయింపు కావు. శివాచారము శివభక్తులలో ఎచ్చుతగ్గులు వలదనుచున్నది. మన వంటగదిలో మాత్రము రెండు గ్లాసులు. ఈ ఆచారమును పొదుపు అనుట సరికాదు. పొదుపైనచో అందరికి కొంచెము పలుచగా పోసియుండెడివారు.

గరాటులో ఈ వెసులుబాటు లేదు. పొడిసారము ఒక్కమారే దిగును; మరల పోసినచో రంగునీరే మిగులును. పనిమనిషికిని కాఫీ ఈయదలచినచో మరల 15 గ్రాములు తూచి, మరల మూడు నిమిషములు ఆమెకొరకు చేయి కదపక నిలువవలెను.