చదును నేల ఎవరికి చదును?

డెల్టాలో సైకిల్ తొక్కడం తేలిక అంటారు. ఎక్కడానికి కొండ లేదు, దిగడానికి లోయ లేదు. కనుచూపు మేరా ఒకే మట్టంలో పొలాలు, కాలువ గట్లు, తాటిచెట్లు. ఆ ధైర్యంతోనే మేం ఎనిమిదిమంది ఆడవాళ్లం తెనాలి నుంచి చుండూరు, పొన్నూరు, బాపట్ల, స్టూవర్టుపురం, చీరాల మీదుగా వేటపాలెం దాకా రెండు రోజుల సైకిల్ ప్రయాణానికి ఏర్పాట్లు మొదలుపెట్టాం. మొత్తం డెబ్భై కిలోమీటర్లకు మించదు. మాలో పాఠాలు చెప్పేవాళ్లున్నారు, ఒక నర్సు ఉంది, ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని బతికే ఆమె ఉంది. అందరికన్నా చిన్నామెకు 24 ఏళ్లు, పెద్దామెకు 58. ఇంకా బయల్దేరలేదు. కానీ ఎన్నింటికి బయల్దేరాలి, ఎక్కడ ఆగాలి, ఎంత వేగంతో పోవాలి అని రాసుకుంటుంటే ప్రతి నిర్ణయం వెనకా ఒక ప్రశ్న మళ్లీ మళ్లీ ఎదురవుతోంది. ఒక జట్టు ప్రయాణాన్ని ఎవరి కొలతతో కొలవాలి?

సాహిత్యం చదువుకున్న దాన్ని కాబట్టి నాకు ముందు సందేశకావ్యాలు గుర్తొచ్చాయి. వాటిల్లో దారి వర్ణన ఉంటుంది. ఏ నది దాటాలో, ఏ ఊళ్లో విశ్రాంతి తీసుకోవాలో, ఏ కొండ మీద వాలాలో వివరంగా చెప్తారు. చెప్పేది మాత్రం కదలలేని మనిషి. మేఘదూతంలో యక్షుడికి శాపం. 1941లో వచ్చిన జాషువా 'గబ్బిలం'లో నాయకుడికి ఉన్నది శాపం కాదు, కులం. గుళ్లోకి వెళ్లనివ్వని మనిషి, గుళ్లో తలకిందులుగా వేలాడే గబ్బిలంతో శివుడికి కబురు పంపుతాడు. దారి ఎంత తెలిసినా ఆ దారిన నడిచే హక్కు లేకపోవడం ఆ కావ్యంలోని బాధ. ఆడవాళ్ల సంగతి ఆలోచించినా ఇదే. ఊరి భూగోళం మనకు బాగా తెలుసు. ఏ సందులో ఎవరు నిలబడతారో, ఏ వేళకు ఏ రోడ్డు ఖాళీ అవుతుందో, ఏ బస్టాండులో బాత్రూముకు తలుపు లేదో పటం గీసి చూపించగలం. ఆ తెలివిడి అంతా వెళ్లకుండా ఉండటానికే ఖర్చవుతూ వచ్చింది. దాన్ని వెళ్లడానికి ఖర్చుపెట్టడమే మా ఏర్పాట్ల సారాంశం అనుకుంటున్నాను.

మొదట వేళ సంగతి. జనవరిలో సూర్యుడు ఆరున్నర దాటాక గానీ రాడు. డెల్టాలో అప్పుడు పొగమంచు కూడా. ఎండ ముదరకముందే సగం దూరం పూర్తవ్వాలంటే వెలుతురు రాగానే బయల్దేరాలి. కాలం మంచిదే. ఈశాన్యపు గాలి వీపున తోస్తుంది, మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి ఎడమ పక్క నుంచి అందుకుంటుంది. మగవాళ్ల సైకిల్ బృందాల ఏర్పాట్లు సాధారణంగా ఇక్కడితో అయిపోతాయి: గాలి, దూరం, ట్యూబులు, పంపు. మాకు ఇక్కడ మొదలవుతాయి. తెల్లవారి ఆరున్నరకు తెనాలిలో ఉండాలంటే మాలో ఇద్దరు మూడున్నరకు లేచి పిల్లల క్యారియర్లు, అత్తగారి పత్యం వంట పూర్తిచెయ్యాలి. ఒకామె రెండు రోజుల కూరలు చేసి ఫ్రిజ్‌లో పెట్టి వస్తానంది. ఆ రెండు గంటల నిద్ర ఎవరి లెక్కలోకి వస్తుంది? తొక్కిన దూరాన్ని కొలిచే యంత్రాలు ఉన్నాయి. బయల్దేరే ముందు వంటింట్లో నడిచిన దూరాన్ని కొలిచేది ఇంకా రాలేదు. అందుకని మొదటిరోజు బయల్దేరే వేళను ఎనిమిదికి మార్చాం. ఎండ కాస్త ఎక్కువే తగులుతుంది. ఆ ఎండను ఎనిమిదిమందిమీ పంచుకోవచ్చు, ఆ నిద్రలేమి మాత్రం ఇద్దరిదే అవుతుంది కదా.

తర్వాత మరుగు. చదునైన నేలలో చాటు ఉండదు. కోతలయ్యాక పొలం మరీ బోసిగా ఉంటుంది, మినుము చేలు మోకాలెత్తు కూడా ఉండవు. దారిలో చోటు దొరకదన్న భయంతో ఆడవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు. ఇది బస్సు ప్రయాణాల్లో మనందరికీ అలవాటైన విద్యే. ఎండలో సైకిల్ తొక్కే ఒంటికి అది ప్రమాదం. అందుకే మా మజిలీలు అందమైన చోట్లను బట్టి కాక, తలుపు, గొళ్లెం, నీళ్లు ఉన్న బాత్రూములను బట్టి పడ్డాయి. రైల్వే స్టేషన్లు, బస్టాండ్లు, తెలిసినవాళ్ల ఇళ్లు. నెలసరి వచ్చే అవకాశం ఉన్నవాళ్లు ముగ్గురు. ఈ మాట సమావేశంలో మొదట చెప్పింది 58 ఏళ్లామె, ఆ అవసరం దాటిపోయిన మనిషి. తనది కాని అవసరాన్ని మరొకరు నోరు తెరిచి అడగక్కర్లేకుండా ముందే చెప్పడం చిన్న పనిలాగే కనిపిస్తుంది. జట్టు అనే మాటకు నాకు ఇంతకన్నా మంచి నిర్వచనం దొరకలేదు.

వేగం దగ్గర వాదన పెరిగింది. ఇద్దరికి గేర్లున్న సైకిళ్లు ఉన్నాయి, మిగతావి పాతవీ అరువువీ. గేరు సైకిలు ఎక్కిన వాళ్లకు గంటకు ఇరవై కిలోమీటర్లు ఆట. నలభై దాటాక నేర్చుకుంటున్న మా టైలరు స్నేహితురాలికి పది కూడా కష్టమే. అమెరికాలో మద్యనిషేధ ఉద్యమం నడిపిన ఫ్రాన్సెస్ విల్లార్డ్ 53 ఏళ్ల వయసులో సైకిల్ నేర్చుకుని, 1895లో ఆ అనుభవాన్ని పుస్తకంగా రాసిందని నేను ఉత్సాహంగా చెప్పాను. "ఆవిడకు పట్టుకునేవాళ్లు ఎంతమంది ఉన్నారో కూడా రాసిందా?" అని అడిగింది మా స్నేహితురాలు. న్యాయమైన ప్రశ్న. నెమ్మదైనవాళ్ల వేగమే జట్టు వేగం అని తేల్చుకోవడం సులభమే. కానీ అందులో ఇంకో అవమానం దాగుంది. "నీ కోసం ఆగాం" అనే చూపు రోజంతా వీపు మీద మోయడం తొక్కడం కన్నా బరువు. కాబట్టి ఎవరినీ నెమ్మదైన మనిషిగా గుర్తించని పద్ధతి ఒకటి పెట్టుకున్నాం. అయిదేసి కిలోమీటర్లకు అందరూ దిగాలి. ముందుండే మనిషి ప్రతిసారీ మారాలి. అలిసినా అలవకపోయినా ఆగడం నియమం. దయకు బదులు నియమం ఉంటే ఎవరికీ రుణపడక్కర్లేదు.

ఇంతకీ ఆడవాళ్లు సరదా కోసం సైకిలెక్కితే దానికింత మీమాంస అవసరమా అని అడగొచ్చు. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టైలో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా వేలూ లక్షగా ఆడవాళ్లు సైకిల్ నేర్చుకున్నారు. క్వారీల్లో పనిచేసేవాళ్లు, వ్యవసాయ కూలీలు, నర్సులు. కలెక్టరుగా ఉన్న షీలారాణి చుంకత్ సైకిలును అక్షరం పక్కన పెట్టారు. పి. సాయినాథ్ ఆ కథ రాస్తూ, కొందరు ఆడవాళ్లు మగవాళ్ల సైకిలునే ఇష్టపడ్డారని గమనించారు. ముందున్న అడ్డకడ్డీ మీద పిల్లను కూర్చోబెట్టుకోవచ్చుగా! అదే కాలంలో, అదే అక్షరాస్యతా ఉద్యమం మన నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా వ్యతిరేక పోరాటానికి దారితీసింది. ఒకచోట చదువు ఆడవాళ్లను సారా దుకాణం మీదికి, ఇంకోచోట సైకిలు మీదికి పంపింది. రెండో దాన్ని మనం పోరాటంగా లెక్కెయ్యడానికి ఎందుకో తటపటాయిస్తాం. సంతోషం ఉన్న చోట రాజకీయం ఉండదనుకుంటాం. 2017లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ పాఠశాలల ఆడపిల్లలకు సైకిళ్లిచ్చారు. నేను చూసినంతలో, బడి ఉన్నంత కాలం ఆ పిల్లలు గుంపులుగా, మాట్లాడుకుంటూ తొక్కారు. పది పూర్తికాగానే సైకిలు తమ్ముడికో, పాలు పొయ్యడానికి వెళ్లే తండ్రికో చేరింది. పని ఉంటేనే రోడ్డు మీదికి అనే షరతు తొలగనంతకాలం, ఆ పని కాస్తా అయిపోగానే రోడ్డు కూడా పోతుంది. ఏ పనీ లేకుండా వెళ్లే హక్కు అందుకే ముఖ్యం.

కానీ ఆ హక్కు కూడా అందరికీ ఒకే రూపంలో లేదు. ఇది మాకు దారి నిర్ణయించేటప్పుడు స్పష్టమైంది.

డెల్టా రోడ్లు భద్రమని మాలో ఎక్కువమంది అనుకోవడానికి కారణం ఆ నేల చదునే. దాక్కునే మలుపు లేదు. అరమైలు దూరం నుంచి ఎవరొస్తున్నారో కనబడుతుంది. పొలంలో ఎవరో ఒకరు ఉంటారు, కేకేస్తే వినబడుతుంది. కనబడటమే రక్షణ. అయితే తెనాలి నుంచి పది, పన్నెండు కిలోమీటర్లకే చుండూరు వస్తుంది. 1991 ఆగస్టు 6న అక్కడ దళితులను పొలాల వెంట తరిమి నరికారు. ఎనిమిదిమంది చనిపోయారు. శవాలను గోతాల్లో కట్టి మురుగు కాలువలో పడేశారు. చదును నేల మీద పరుగెత్తే మనిషి ఎంత దూరం నుంచైనా కనబడతాడు. మమ్మల్ని కాపాడుతుందని మేం నమ్ముతున్న లక్షణమే వాళ్లకు దాక్కునే చోటు లేకుండా చేసింది. ఆ ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష, మరో 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులని వదిలేసింది.

మాలో ఒకామె ఆ చుట్టుపక్కల దళిత కుటుంబంలో పుట్టింది. ఆ రోజులకు తను చంటిపిల్ల. విహారంగా వెళ్తున్న మనం ఆ ఊరి మీదుగా పోవడం బాగుంటుందా, వేరే రోడ్డున పొన్నూరు చేరదామా అని ఇద్దరు సందేహపడ్డారు. ఆ సందేహంలో సున్నితత్వం ఉంది. "చుట్టుతిరిగి పోతే తేలికయ్యేది నాకా, మీకా?" అని అడిగిందామె. "మా అమ్మమ్మ ఊరికి పోవాలంటే నాకు ఇంకో రోడ్డు లేదు." మేం ఆ రోడ్డునే వెళ్తాం. ఆగాలా వద్దా అన్నది ఆ రోజు ఆమే చెప్తుంది. ఫొటోలు తీయం. ఎవరి కొలతతో అన్న ప్రశ్నకు ఇక్కడ ఇంకో అర్థం వచ్చింది. జాలిపడి ఆమె తరఫున మేం నిర్ణయించడం కూడా మా కొలతే అవుతుంది.

దారిలో ముందుకు పోతే ఈ ప్రశ్న ఇంకా లోతవుతుంది. బాపట్ల దాటాక స్టూవర్టుపురం. 1913లో 'నేరస్థ జాతుల' చట్టం కింద ఎరుకల కుటుంబాలను తెచ్చి పెట్టిన సెటిల్‌మెంటు. అక్కడి మనిషి ఊరు దాటాలంటే అనుమతి, ఊళ్లో ఉన్నాడనడానికి హాజరు. ఆ చట్టం 1952లో రద్దయింది, అనుమానం రద్దవలేదు. జాషువా కుమార్తె హేమలతా లవణం 1970లలో అక్కడ పనిచేసింది ఆ అనుమానానికి ఎదురు నిలబడే. ఎక్కడికి, ఎందుకు, ఎప్పుడొస్తావు అన్న మూడు ప్రశ్నలు ప్రతి ఆడపిల్లా గడప దగ్గర విన్నవే. ఒక జనం మొత్తానికి అవే ప్రశ్నలు ప్రభుత్వం వేసింది, పోలీసుతో వేయించింది. రెండూ ఒకటేనని నేననను. గడప లోపలి ఆంక్షలో కొంత ప్రేమ కలిసి ఉంటుంది, అందుకే దాన్ని ఎదిరించడం వేరే రకంగా కష్టం. చీరాల పక్కన కారంచేడులో 1985లో ఆరుగురు దళితులను చంపిన ఘటనకు మొదలు, తాగునీటి చెరువు దగ్గర మున్నంగి సువార్త అనే ఆడమనిషి బిందె ఎత్తి ఎదురు నిలవడం. బతికినవాళ్లు ప్రాణాలు పట్టుకుని చీరాల చేరారు. మేం సరదాగా తొక్కబోయే ఈ కొద్ది కిలోమీటర్లలో ఇంతమంది కదలికను ఇన్ని రకాలుగా ఆపారు.

అందరి కొలతా పట్టించుకుంటూ పోతే అసలు బయల్దేరగలమా అని మాలో ఒకరు విసుక్కున్నారు. ఆ విసుగును నేను తీసిపారెయ్యను. ఆలోచనతోనే అలిసిపోయి ఇంట్లో ఉండిపోవడం మనకు తెలిసిన ప్రమాదమే. పైగా మా ఏర్పాట్లలో పట్టనివాళ్లు చాలామంది ఉంటారు. మేం వెళ్లే వేళకు ఆడకూలీలు ఒకే ఆటోలో కిక్కిరిసి పనికి పోతుంటారు. రోడ్డు మీద ఆరబోసిన ధాన్యాన్ని కాళ్లతో తిరగేస్తుంటారు. వాళ్లకు ఈ రెండు రోజుల సెలవు ఎవరూ ఇవ్వరు. మా ప్రయాణం వాళ్లది కూడా అని చెప్పుకుంటే అబద్ధం. ధాన్యం మీద సైకిలు ఎక్కించకుండా దిగి నడిపించుకుపోవడం, ఎక్కడికమ్మా అని అడిగితే ఊరికే వెళ్తున్నామని నిజం చెప్పడం మా చేతిలో ఉన్నాయి. ఏ పుణ్యకార్యం పేరో, ఏ ప్రచారం పేరో అడ్డం పెట్టుకోకుండా.

నా మటుకు నాకు తేలింది ఇది. సమానత్వమంటే అందరినీ ఒకే రోడ్డు మీద, ఒకే వేళకు నిలబెట్టడం కాదు. గడప దాటడం ఎవరికి ఎక్కువ కష్టమో అక్కడి నుంచి లెక్క మొదలుపెట్టడం. ఒక్కో మజిలీలో ఆ మనిషి మారుతుంది. వేళ దగ్గర మూడున్నరకు లేచే ఆమె, వేగం దగ్గర కొత్తగా నేర్చుకుంటున్న ఆమె, చుండూరు దగ్గర ఆ ఊరి పక్క పిల్ల. బాపట్లలో రాత్రి పడుకునే చోట ఎవరో ఇంకా తెలియదు. అందుకే మా కాగితంలో కొన్ని గళ్లు ఖాళీగా ఉంచాం.

జనవరి రెండో వారం తర్వాత, పండగకు వచ్చిన చుట్టాలు వెళ్లాక, బయల్దేరతాం. ఒక పంపు, నాలుగు ట్యూబులు, మందుల సంచి, ఎనిమిదిమందికీ సరిపడా నీళ్లు. ఎవరూ తాగకుండా మిగల్చకూడదన్నది నియమం.