దిద్దుట యెవరి పని?

మా గుండుగొలనులో రాత్రి తొమ్మిది దాటిన పిమ్మట వీధిదీపము క్రింద కుక్కలును, ఇంటిదీపము క్రింద మేమును మేల్కొని యుందుము. మా ముందర జవాబుపత్రముల కట్ట యుండును. తరగతులు 4, తరగతికి 45 మంది, వెరసి 180 పత్రములు. ఒక్కొక్కదానికి 5 నిమిషములే యనుకొన్నను 15 గంటల పని. ఇది ఒక్క పరీక్షకు మాత్రమే. ఏబదవ పత్రము దాటినది మొదలు చదువుట యుండదు, చూచుట యుండును. నూఱవది దాటిన పిమ్మట చూచుటయు నుండదు, చేయి మాత్రము తిరుగుచుండును. చదువరులలో ఉపాధ్యాయులున్నచో ఈ మాట కాదనరు. తల్లిదండ్రులున్నచో క్షమింతురు గాక.

ఈ శ్రమను తగ్గించుకొనుట ధర్మమేనా? జీతము పుచ్చుకొనువాడు పని తగ్గించుకొందు ననినచో లోకము దానికి సోమరితనమని పేరు పెట్టును. మేమును చిరకాలము అట్లే తలంచి, ఎఱ్ఱసిరా ఎంత యొలికిన అంత ధర్మము నెఱవేఱినదని సంతోషించుచుంటిమి. ఒక బాలుని వలన ఆ సంతోషము పోయినది.

అతడు కొల్లేటి లంకలనుండి వచ్చు తొమ్మిదవ తరగతి పిల్లవాడు. 'బాధ' అని వ్రాయవలసినచోట 'భాద' అని వ్రాయును. ఈ తప్పు మన దేశమున నెంత సామాన్యమో అందఱికిని దెలిసినదే. కనబడినప్పుడెల్ల దానిచుట్టు ఎఱ్ఱని సున్న చుట్టితిమి. జూలైలో చుట్టితిమి; సంక్రాంతి వెళ్లిన పిదపను చుట్టితిమి. ఒకనాడు విసుగెత్తి వానిని పిలిచి, "ఏమిరా, ఇన్నిమార్లు చూపినను మార్చుకొనవేమి?" అనగా వాడు తెల్లబోయి, "మీరు సున్న చుడితే ఆ మాట బాగుందని కాబోలు అనుకున్నానండీ" అనెను. మేము పడిన శ్రమ అబద్ధము కాదు. అది వానికి చేరలేదు. చేరకపోవుటయే కాక తప్పును గట్టిపఱచినది.

నాటినుండి 'దిద్దు' అను మాటయే మమ్ము వెంటాడుచున్నది. మన భాషలో ఈ క్రియకు తొలి కర్త ఉపాధ్యాయుడు కాడు, పిల్లవాడు. ఓనమాలు దిద్దువాడు వాడే. గురువు ఒకమాఱు వ్రాసి యిచ్చిన యక్షరముపై వ్రేలు త్రిప్పి త్రిప్పి, త్రోవ తప్పినచో తానే గ్రహించి మరల త్రోవలోనికి వచ్చును. పిల్లవాడు పెద్దతరగతులకు వచ్చినకొలదిని ఆ క్రియ వాని చేతినుండి జాఱి మా చేతిలో పడినది. ఇప్పుడు వ్రాయువాడు వాడు, దిద్దువారము మేము. 1910లో వెలువడిన గురజాడవారి 'దిద్దుబాటు' కథలో కమలిని మగనికి మార్కులు వేయలేదు సుమా! తన తప్పు తాను చూచుకొనునట్లు ఒక్క యుత్తరము వ్రాసి పెట్టినది.

వీధిబడి ఇసుకకు ఒక విచిత్రమైన చరిత్ర కలదు. 1789లో ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు చెన్నపట్టణపు ఎగుమూరులో సైనికుల అనాథబాలుర శాలకు పర్యవేక్షకుడయ్యెను. ఒక వీధిబడిలో పిల్లలు ఇసుకపై వ్రాయుట చూచి తన శాలలోను ప్రవేశపెట్టబోగా అచటి ఉపాధ్యాయులు కలిసిరాలేదు. అంతట ఎనిమిదేండ్ల బాలునొకనిని చిన్నవారికి నేర్ప నియోగించెను. 1797లో ఆ యనుభవమును లండనులో ప్రకటింపగా అది 'మద్రాసు పద్ధతి' యని ఇంగ్లండున వ్యాపించెను. అయితే అక్కడివారు మెచ్చినది పిల్లలు పిల్లలకు నేర్పుటను గాదు, ఒక్క జీతముతో వందలమందిని కూర్చుండబెట్టవచ్చు ననుటను. శ్రమ తగ్గించు ప్రతి యుపాయమునందును ఈ ప్రమాద మున్నది. మిగిలిన గంట యెవరి దగుచున్నదని అడుగక తప్పదు. మాకు మిగిలిన గంటలును ఊరక మిగులలేదు. ఇటీవలి యేండ్లలో ఆంధ్రప్రదేశమున మరుగుదొడ్ల ఛాయాచిత్రములు తీసి పంపు పని సైతము ఉపాధ్యాయులపై పడియుండెను.

పోనీ, అంత శ్రమపడి వేసిన మార్కైనను నమ్మదగినదా? 1913లో అమెరికాలో స్టార్చి, ఇలియటు అనువారు ఒకే రేఖాగణిత పత్రమును నూఱుమందికి పైగా ఉపాధ్యాయులచేత దిద్దించిరి. కొందఱు 30కి లోపునను, కొందఱు 90 ప్రాంతమునను వేసిరి. రేఖాగణితమే యిట్లున్నచో మా తెలుగు వ్యాసముల మాట చెప్పనేల! ఇజ్రాయేలు బడిపిల్లలతో పరిశోధించి రూత్ బట్లరు 1988లో ప్రకటించిన సంగతి మఱింత చురుకైనది: వ్యాఖ్య మాత్రమే పొందినవారు మెఱుగుపడిరి, మార్కు పొందినవారు మెఱుగుపడలేదు, మార్కును వ్యాఖ్యయు కలిసి పొందినవారును పడలేదు. అంకె కనబడగానే పిల్లవాడు అక్షరములు చదువడు. 2009 నాటి విద్యాహక్కు చట్టము నిరంతర సమగ్ర మూల్యాంకనమును విధించినది. ఉద్దేశము మంచిదే. మా చేతికి వచ్చునప్పటికి అది మఱికొన్ని పట్టికలైనది.

ఈ రెండేండ్లనుండి మేము పట్టిన పద్ధతి సామాన్యమైనది. పాఠము ముగియబోవునప్పుడు ఒక్క ప్రశ్న యడుగుదుము. అందఱును పలకలపై వ్రాసి పైకెత్తుదురు. పదిమంది యొకేతీరున తప్పినచో తప్పు పాఠములోనిది, పలకలోనిది కాదు. మఱునాడు మా పాఠమును మేము దిద్దుకొందుము. వ్యాసపుస్తకములు దినమునకు తరగతికి మూడు చొప్పున 12 మాత్రమే చూతుము. అది ఒక గంట పని. 15 పనిదినములకు ప్రతివాని వంతును వచ్చును. ప్రతివాక్యమును చదివి, తప్పున్న వరుసకు అంచున ఒక చుక్క పెట్టుదుము. వెదకి పట్టుకొనుట వాని పని. చుక్క యననేమో ఈసారి జూన్ నెలలోనే చెప్పితిమి.

ఇందు మేము చేసిన పొరపాటును దాచము. మొదట పుస్తకములు మార్పించి ఒకరివి ఒకరిచేత దిద్దించితిమి. నెమ్మదిగా చదువు ఒక బాలికను ప్రక్కపిల్ల నవ్వగా ఆమె వారముదినములు బడికి రాలేదు. మా గంట మిగుల్చుకొనుటకు ఆమె అవమానము ఖర్చైనది. అటుపిమ్మట ఎవరిది వారే, నల్లబల్లపై వ్రాసిన జవాబు చూచి దిద్దుకొందురు. మోసము చేయరా యని సహోపాధ్యాయులు అడుగుదురు. మార్కు లేనిచోట దొంగిలించుటకేమున్నది? పదవతరగతి పరీక్ష వేఱు. అచట అంకె తప్పదు, దానిని మేమును మార్చలేము.

మొన్న ఒక తండ్రి చేపలచెఱువు గట్టునుండి నేరుగా వచ్చి, కొడుకు పుస్తకము తెఱచి, "ఏడాదంతా ఎర్రగీత ఒక్కటీ లేదు మాష్టారండీ! అసలు చూస్తున్నారా?" అనెను. ఆయన యడుగుట న్యాయమే. మేము పిల్లవానిని పిలిచి, ఆ పుటలోని మూడు చుక్కలను చూపి, ఏది యెందుకు తప్పైనదో తండ్రికి చెప్పుమంటిమి. వాడు రెండు చెప్పి మూడవదానికి తడబడెను.

"ఆ మూడోది మీరు చెప్పండి" అనెను తండ్రి.

చెప్పితిమి.